విరగ్గొట్టే దేవకుమారి

కడియం దగ్గర కాలవ గట్టునున్న ఆ ఊళ్ళో దేవకుమారి అన్న పేరు ముగ్గురు ఆడవాళ్ళకుంది. అందుకని ఎవరైనా పొరుగూరి నుంచి వచ్చి దేవకుమారి గారిల్లు ఎక్కడండీ అని అడిగితే, “ఎవరండీ, విరగ్గొట్టే దేవకుమారా?” అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ మాటకి వచ్చినవాళ్ళు కొంచెం జంకుతారు. జంకాల్సిన పనేం లేదు. రాజమండ్రి అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో ఆవిడ ల్యాబ్ టెక్నీషియను. ఇనప కడ్డీ, చెక్కముక్క, సిమెంటు దిమ్మ, ఏది తెచ్చినా యంత్రంలో బిగించి, అది విరిగేదాకా లాగడమో నొక్కడమో మెలితిప్పడమో ఆవిడ పని. ఏ వస్తువు ఎంత బలానికి ఏం చేస్తుందో పిల్లలు పక్కన నిలబడి చూసి రాసుకుంటారు.

“ఇంట్లో ఏదైనా విరిగితే తిడతారు. ఇక్కడ జీతమిచ్చి విరగ్గొట్టమంటున్నారు. ఇంతకంటే ఏం కావాలండీ?” అంటుందావిడ.

చిన్నప్పుడు తిట్లు బాగానే తిన్నది మరి. ఇంట్లో కొత్త దువ్వెన కొంటే, తల దువ్వుకునే ముందు దాన్ని వంచి చూసేది. బలపం చేతికొస్తే రెండు ముక్కలయ్యేది. పొలం పనికెళ్ళొచ్చే తల్లి, “దీని చేతికి రోకలిచ్చినా రెండు చేస్తుంది” అని మొత్తుకునేది. మిషను బడిలో అటెండరుగా చేసే తండ్రి మాత్రం ఒక సంగతి కనిపెట్టాడు. మిగతా పిల్లలు వస్తువు విరిగితే ఏడుస్తారు, లేకపోతే దాచేస్తారు. ఈ పిల్ల విరిగిన చోటుని వెలుతురుకి పెట్టి అదే పనిగా చూస్తూ కూర్చుంటుంది. పదో తరగతి అయ్యాక, చుట్టాలంతా నర్సు ట్రైనింగుకి పంపమంటూంటే, ఆయన ఆ పిల్లని కాకినాడ తీసుకెళ్ళి మెకానికల్ డిప్లొమాలో చేర్పించి వచ్చాడు. క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆ సంగతి ఆమెకి కొన్నాళ్ళ దాకా తట్టనేలేదు, అక్కడ వర్క్‌షాపులో చూడాల్సినవి అన్నేసి ఉన్నాయి.

కాలేజీలో చేరిన కొత్తల్లోనే ఆవిడకి ఆ లాగుడు యంత్రంతో స్నేహం కుదిరింది. నిలువెత్తు యంత్రం. పైనొక దవడ, కిందొక దవడ. మధ్యలో వేలెడు లావు ఉక్కు కడ్డీ బిగించి లాగుతారు. మొదట్లో కడ్డీ ఏమీ కానట్టే ఉంటుంది. నిజానికి కంటికి కనపడనంత సాగుతూంటుంది. అప్పుడు వదిలేస్తే బుద్ధిగా మళ్ళీ తన పొడవుకి తాను వచ్చేస్తుంది. ఇంకా లాగితే మాత్రం ఒక హద్దు దాటుతుంది. ఆపైన వదిలేసినా వెనక్కి రాదు, సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఇంకా లాగితే ఒకచోట సన్నబడి మెడలాగా నొక్కుకుపోతుంది. చేయి పెడితే ఆ మెడ వేడిగా తగులుతుంది. అప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి రెండవుతుంది.

పోత ఇనుము అలా కాదు. నొక్కితే ఏనుగంత బరువు మోస్తుంది. లాగితే మాత్రం సాగదు, సన్నబడదు, ఏ సూచనా ఇవ్వదు. ఉన్నట్టుండి ఠక్కున రెండు ముక్కలవుతుంది.

“ఉక్కు చెప్పి చస్తుంది, పోత ఇనుము చెప్పకుండా చస్తుంది” అని ఆవిడ ప్రతి ఏటా కొత్త బ్యాచికి చెబుతుంది. “ఇల్లు కట్టేవాడికి చెప్పి చచ్చేది కావాలి. స్లాబు వంగితే జనం బయటికి పరిగెత్తడానికి టైముంటుంది కదా.” పుస్తకం మర్చిపోయిన పిల్లలు కూడా ఈ మాట మర్చిపోరు. పరీక్షలో అలాగే రాసేసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆవిడ పెళ్ళి కూడా ఒక వస్తువు విరగడంతోనే మొదలైంది. పెళ్ళిచూపులకి మండపేట దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు శాంతికుమార్ వచ్చాడు. బొద్దుగా, నవ్వుతూ, నోరు ఊరుకోని మనిషి. కుర్చీలు చాలక పక్కింటి డాబా మీది ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. పెళ్ళికూతురు కాఫీ పట్టుకొచ్చి, తలవంచుకుని వెళ్ళాల్సింది పోయి, అతని కుర్చీ చూసి ఆగిపోయింది.

“దాంట్లో వెనక్కి జారగిలబడకండి. ఎండకి పెళుసెక్కింది” అంది.

పెద్దవాళ్ళు గతుక్కుమన్నారు. శాంతికుమార్ నవ్వి, ఫర్వాలేదండీ అన్నట్టు దర్జాగా వెనక్కి వాలాడు. వెనక కాళ్ళు రెండూ ఒక్కసారే విరిగాయి, కుర్చీవి. మనిషి నేలమీద, కాఫీ చొక్కా మీద.  అతను కిందనుంచే తల పైకెత్తి అడిగాడు.

“మీకెలా తెలిసిందండీ?”

“రంగు వెలిసిపోయిందండి. గోటితో గీకితే సుద్దలా రాలుతోంది. కొత్తలో అయితే వంగి లేచే సరుకే అది. ఎండలో పడుంటే ఆ వంగే గుణం పోద్దండి.”

సంబంధం తప్పిపోయినట్టేనని తల్లి ఏడుపు మొహం పెట్టింది. ఆదివారం గుడి దగ్గర వాళ్ళ తరఫు పెద్దమనిషి వచ్చి, అబ్బాయికి అమ్మాయి బాగా నచ్చిందని కబురు చెప్పాడు. శాంతికుమార్ ఈ కథ ఇప్పటికీ దొరికినవాడికల్లా చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ తాను పడిన ఎత్తు కొంచెం పెరుగుతూ ఉంటుంది.

అలాంటి మనిషి కాబట్టి, ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం పొద్దున గుడి గంట తాడు తెగినప్పుడు ఊరంతా ఆవిడ వైపే చూసింది.

ఊళ్ళో అందరూ గుడి అనే ఆ లూథరన్ చర్చి గంటకి చుట్టుపక్కల పేరుంది. గుడి ముందు గంట గోపురం చాలా ఎత్తు. పైన దూలానికి ఇరుసు మీద గంట ఊగుతూ ఉంటుంది. దాని పక్కనుంచి ఒక ఇనప చెయ్యి బయటికి వస్తుంది. ఆ చెయ్యికి కట్టిన తాడు రెండు అంతస్తుల కన్నాల్లోంచి కిందదాకా దిగుతుంది. కింద గంట గదిలో నిలబడి లాగితే చెయ్యి వంగి, గంట ఊగి, నాలుక తగిలి మోగుతుంది. లాగేది జయపాల్. డెబ్బై దాటినవాడు. వాళ్ళ నాన్న కూడా ఈ గంటే కొట్టాడు. తెగిన తాడు జనపనారది, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. అది తెగినప్పుడు జయపాల్ వెనక్కి కూలబడి, చేతిలో తాడు ముక్క పట్టుకుని, “నేను గట్టిగా లాగలేదండీ” అన్నాడు.

విజయ్ పాల్ అయ్యగారు ఆ గుడి పాస్టరు. ఆయన దేవకుమారిని పిలిచి, “అమ్మా, అలాంటి జనప తాడు ఇప్పుడెక్కడా దొరకట్లేదంట. ఏ తాడు మంచిదో నువ్వే చూసి తేవాలి. ఈస్టరుకి గంట మోగకపోతే బాగోదు” అన్నారు.

దేవకుమారికి లోపల ఎంత సంతోషమయ్యిందో చెప్పలేం. ఇన్నాళ్ళూ విరగ్గొట్టడమే కానీ, ఇదిగో ఇది నువ్వు ఎంచిపెట్టు అని ఒకరు అడగడం అదే మొదలు. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర తాళ్ళ కొట్టుకి వెళ్ళి అన్ని రకాలవీ ఒక్కో ముక్కా తెచ్చింది. ల్యాబులో ప్రొఫెసరు రమేష్ బాబు గారి అనుమతి తీసుకుని, ఒక్కొక్కటీ యంత్రంలో బిగించి తెగేదాకా లాగింది. కొబ్బరి తాడు ముందే చేతులెత్తేసింది. నూలు తాడు కాస్త నయం. నీలం నైలాన్ తాడు మాత్రం మిగతావన్నీ తెగిన బరువు దాటి, ఇంకా ఇంకా మోస్తూనే ఉంది. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇక ఆలోచించలేదు. శనివారం సాయంత్రం శాంతికుమార్ నిచ్చెన పట్టుకుని కీర్తనలు పాడుతూంటే, ఆవిడ కొంగు బిగించి గోపురం ఎక్కి ఆ నీలం తాడు కట్టి వచ్చింది.

ఈస్టరు ఉదయం జయపాల్ తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టి, తాడు పట్టుకుని లాగాడు. తాడు చక్కగా కిందికి వచ్చింది. గంట మాత్రం కిమ్మనలేదు. ఇంకా లాగాడు. తాడు ఇంకా వచ్చింది. వదులుదామనుకునేసరికి పైన ఎక్కడో గంట కదిలి “టాంగ్” అంది. వెంటనే తాడు రబ్బరులా పైకి గుంజుకుని జయపాల్‌ని మునివేళ్ళ మీద నిలబెట్టింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్క “టాంగ్”.

ఆ ఊళ్ళో ఎవరైనా పోతే గంట అలాగే కొడతారు. ఒక్కటి కొట్టి, ఆగి, మళ్ళీ ఒక్కటి.

జనం వీధుల్లోకి వచ్చేశారు. “ఎవరు పోయారండీ?” అంటే “ఎవరు పోయారండీ?” ఊళ్ళో ముసలి పాపాయమ్మకి నెల్నుంచి ఒంట్లో బాగోలేదు. ఇంకేం, అందరి కాళ్ళూ అటే నడిచాయి. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేసరికి పాపాయమ్మ మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. వచ్చినవాళ్ళందరినీ తేరిపార చూసింది. సంగతి అర్థమైంది.

“నేనింకా ఉన్నానర్రా. వచ్చారు కదా, కాఫీ తాగి వెళ్ళండి” అంది.

గుడిలో అయ్యగారు పునరుత్థానం గురించి ప్రసంగం మొదలుపెట్టగానే వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరుసదాకా పాకింది. అయ్యగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆగాల్సి వచ్చింది. దేవకుమారి మాత్రం తల పైకెత్తలేదు. ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగా తినలేదు. శాంతికుమార్ నవ్వించబోతే, “మీరు ఊరుకోండి. అన్నిటికంటే బలమైన తాడే తెచ్చానండి నేను” అంది.

సోమవారం రమేష్ బాబు గారు సంగతంతా విని నవ్వలేదు. ఆ రోజు తాళ్ళు లాగినప్పుడు యంత్రం గీసిన గీతల కాగితాలు బల్ల మీద పరిచారు.

“దేవకుమారి గారూ, మీరు ఈ గీతలో ఏం చూశారు?”

“ఎక్కడ తెగిందో చూశానండి.”

“నేనైనా అదే చూసేవాణ్ణి. కానీ ఆ గంట లాగడానికి తాడు తెగేంత బలం ఎప్పుడైనా పెడతామా? జయపాల్ గారి ఒంట్లో బలమెంత? మనకి కావలసింది గీత చివర కాదండీ, మొదలు. ఇదిగో, నైలాన్ గీత ఎంత ఏటవాలుగా పడుకుందో చూడండి. కొద్ది బలానికే బోలెడు సాగుతోంది.”

ఆవిడ ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. బలం వేరు, బిగువు వేరు. ఈ మాట ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి చెబుతున్నదే. తీరా తన పని వచ్చేసరికి తెగుతుందన్న భయం ఒక్కటే కళ్ళకి అడ్డం పడింది. తాడు తెగిన చోట మనిషి తెగనిదాన్నే వెతుక్కుంటాడు. పాత జనప తాడు గొప్ప బలమైనదేం కాదు, సాగేది కాదంతే. అందుకే జయపాల్ చెయ్యి ఇక్కడ కదిలితే గంట అక్కడ కదిలేది.

“అయితే ఉక్కు తీగ తాడు వేద్దామండి. దానంత బిగువైంది ఇంకోటి లేదు” అంది.

“వేసి చూడండి” అన్నారాయన.

వేసి చూసింది. ఈసారి గంట భేషుగ్గా మోగింది. లాగగానే టంగు, వదలగానే టంగు. ఊరంతా విని తలలూపారు. రెండు ఆదివారాలు గడిచాక జయపాల్ భుజానికి నూనె రాసుకుంటూ వాళ్ళింటి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు.

“అమ్మాయ్, నీ మీద ఫిర్యాదు కాదు గానీ, గంట వెనక్కి ఊగినప్పుడల్లా ఎవరో నా చెయ్యి పట్టుకుని గుంజుతున్నట్టుందమ్మా. అరచేతులు చూడు.”

చేతులు కందిపోయి ఉన్నాయి. దేవకుమారికి ఒక్కసారిగా వేరే అనుమానం వచ్చింది. ఈ కుదుపు కింద ఈయన భుజానికి తగులుతూంటే, పైన దేనికి తగులుతున్నట్టు? సాగే తాడు కుదుపుని మింగుతుంది. సాగని తీగ ఏమీ మింగదు, వచ్చింది వచ్చినట్టు రెండు కొసలకీ అప్పజెబుతుంది.

కాఫీ సగంలో వదిలేసి గుడికి వెళ్ళింది. వెనకాలే శాంతికుమార్ నిచ్చెనతో, ఆ వెనక జయపాల్. పైకెక్కి, గంట పక్కనున్న ఇనప చెయ్యిని కొంగుతో తుడిచి, ఫోను లైటు వేసి చూసింది. గంటతో పాటు వచ్చిన చెయ్యి, పోత ఇనుముది. మొదట్లోనే, వంపు దగ్గర, వెంట్రుకంత సన్నటి గీత. గోరు పెడితే గోరు ఆగింది.

 చెప్పకుండా చచ్చేది ఇదే. ఇంకో ఆదివారమో, ఇంకో రెండో. ఆ చెయ్యి ఊడితే కన్నాల్లోంచి సూటిగా జయపాల్ నెత్తి మీదకే వస్తుంది.

“ఏవండీ, జయపాల్ బాబాయ్‌ని గోపురం కింద నుంచోవద్దని చెప్పండి. గంట ఎవరూ ముట్టుకోకండి” అని పైనుంచి కేకేసింది. ఆ గొంతు విని శాంతికుమార్ పాట మధ్యలోనే ఆపేశాడు. ఆయన పాట మధ్యలో ఆపడం అరుదు.

కిందికి దిగాక గంట గది బయటి మెట్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. ఆవిడ జరిగింది జరిగినట్టు జయపాల్‌కి చెప్పింది. తీగ వేసింది తనేనని, పగులు దానివల్లే వచ్చి ఉండొచ్చని కూడా చెప్పింది. ముసలాయన తల ఎత్తి గోపురం వైపు చూశాడు.

“పోనీలే అమ్మా, ముందే చూశావు. ఇంతకీ అంత పెళుసుదైతే ఆ చెయ్యి దాంతో ఎందుకు చేశారంటావు?”

“మూసలో పోస్తే ఏ ఆకారమైనా వస్తుంది బాబాయ్, సులువు. జనప తాడున్నన్నాళ్ళూ అది మెత్తగా లాగింది కాబట్టి బతికిపోయింది.”

“మరి గంట? అదీ పోత పోసిందే కదా. అది కూడా పగులుద్దా?”

“సుత్తితో కొడితే పగులుద్ది. అది కంచు.”

“అయితే అదీ మార్చేద్దామా, సీసంలాంటి మెత్తటిదానితో?”

దేవకుమారికి నవ్వొచ్చింది. “మెత్తటిదైతే మోగదు బాబాయ్. దెబ్బనంతా తనే మింగేసి టప్‌మని ఊరుకుంటుంది. కంచు గట్టిది, దెబ్బని మింగదు, మళ్ళీ బయటికి ఇచ్చేస్తుంది. ఆ ఇచ్చేదే మనకి వినపడేది. గంటకి ఆ గుణమే కావాలి, చెయ్యికి ఇంకో గుణం కావాలి.”

“నా చేతులకి?” అన్నాడు జయపాల్.

 ఇన్నాళ్ళూ తాడు గంటని ఏం చేస్తుందని చూసింది గానీ, రెండో కొస పట్టుకున్న మనిషిని అడగనేలేదు.

“మీకేం కావాలి బాబాయ్?”

“మెత్తగా ఉండాలి. చెమట పీల్చుకోవాలి, జారకూడదు. మా గేదెకి కట్టే నూలు పలుపు లాంటిదైతే చాలమ్మా. చేతికి హాయిగా ఉంటది.”

“అది కూడా సాగుతుంది బాబాయ్. ఇంత పొడుగునా అదే వేస్తే మళ్ళీ ఈస్టరు కథే.”

“పొడుగునా ఎందుకు? నేను పట్టుకునేది ఇంతే కదా” అని రెండు చేతులూ చాచి చూపించాడు.

అంతే. దేవకుమారి లేచి నిలబడింది. మెట్ల మీద సుద్దముక్కతో గీసి చూపించడం మొదలుపెట్టింది. ఏ తాడైనా ఎంత సాగుతుందన్నది దాని పొడుగుని బట్టి ఉంటుంది. గోపురమంత పొడుగు నైలాన్ అయితే బారెడు సాగింది. మూరెడే ఉంటే బెత్తెడైనా సాగదు, కానీ కుదుపు మాత్రం మింగుతుంది. పైనంతా ఉక్కు తీగే ఉండనీ. దాని కింద మూరెడు నైలాన్. దాని కింద జయపాల్ చేతులందే మేర నూలు తాడు. గంటకీ, ఇనప చెయ్యికీ, జయపాల్ చేతులకీ మూడింటికీ సరిపోతుంది.

“ఒక్కటే తాడు అనుకుని ఇన్నాళ్ళూ వెతికానండీ” అంది భర్తతో.

ఇక ఊరు కదిలింది. పోత చెయ్యి తీసేసి, దాని కొలతకి ఉక్కు పట్టీతో కొత్త చెయ్యి కొట్టించారు. రమేష్ బాబు గారు ఆ ఉక్కు ముక్క ఒకటి ల్యాబులో లాగించి, బాగా సాగాకే తెగిందని చూసి సరే అన్నారు. ఆ తర్వాత ఆదివారం స్వయంగా వచ్చి గోపురం కూడా ఎక్కారు. దిగేటప్పుడు ప్యాంటు మేకుకి పట్టుకుని చిరిగింది. “నూలు, దారానికి అడ్డంగా తెగింది” అని ఆయనే అన్నారు. అయ్యగారి భార్య సూదీ దారం తెచ్చింది.

నూలు తాడు మాత్రం జయపాలే ఎంచుకున్నాడు. కొట్లో ఒక్కొక్కటీ అరచేతిలో చుట్టుకుని, కళ్ళు మూసుకుని లాగి చూశాడు. దేవకుమారి పక్కన నిలబడింది గానీ నోరెత్తలేదు.

పెంతెకోస్తు పండుగ నాటికి అంతా సిద్ధమైంది. జనం గంట వినడానికి ముందే వచ్చి గుడి ఆవరణలో నిలబడ్డారు. జయపాల్ తాడు అందుకుని ఒకసారి చూసుకుని లాగాడు. చెయ్యి కదిలినప్పుడే గంట పలికింది. నిండుగా, వెనక మోత కూడా సాగుతూ, కాలవ అవతల పూలమొక్కల నర్సరీల దాకా వెళ్ళింది. మళ్ళీ లాగాడు. తాడు ఎంత అవసరమో అంతే ఇచ్చి, ఎంత అవసరమో అంతే తీసుకుంది. ముసలాయన మొహం విప్పారింది. ఆరాధనకి ముందు గంట కొన్ని దెబ్బలే కొట్టి ఆపాలి. ఆయన ఆపలేదు. భుజం నొప్పి లేదు, చేతులు మండట్లేదు, ఎందుకు ఆపాలి? చివరికి అయ్యగారే గంట గది దాకా వెళ్ళి, “జయపాల్ గారూ, అందరూ వచ్చేశారండి” అని చెప్పాల్సి వచ్చింది.

దేవకుమారి ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుంది. పక్కన చేపలమ్మే నూకరత్నం. పాటలయ్యాయి, వాక్యం చదివారు. ప్రసంగం మంచి పట్టులో ఉండగా దేవకుమారి కళ్ళు మెల్లగా పైకి లేచాయి. అలాగే చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయింది. ఎంత భక్తి అనుకుని నూకరత్నం తాను కూడా చేతులు జోడించింది.

కాసేపటికి దేవకుమారి ఆవిడ చెవి దగ్గరకి వంగింది.

“ఆ కొత్త ఫ్యాను కొక్కెం దేంతో చేశారో నీకేమైనా తెలుసా రత్నం?”

“నాకేం తెలుసమ్మా. ఏం, బాలేదా?”

“బాగానే ఉందనుకుంటాను. అయినా నువ్విటు జరుగు.”

నూకరత్నం ఇటు జరిగింది. ఆవిడ జరగడం చూసి పక్కావిడ జరిగింది. ప్రసంగం అయ్యేసరికి ఆ ఫ్యాను కింద ఎవరూ లేరు. ఆరాధన ముగిశాక శాంతికుమార్ బయట చెప్పులు వేసుకోబోతూంటే, లోపల్నుంచి పిలుపు వినపడింది.

“ఏవండీ, ఆ నిచ్చెన ఒకసారి తీసుకురండి.”